రైల్వే సీలు, కంపెనీ సీలు

మా ఆయన తవిటయ్య రైల్వే గూడ్స్ యార్డులో వ్యాగన్లకు సీళ్లు వేస్తాడు. మా తమ్ముడు దేముడు, నేను ప్యాకింగ్ చేసే ఇత్తడి వాల్వుల ఫ్యాక్టరీలోనే సరుకు పంపించే పని చూస్తాడు. తొంభై నాలుగు నాటికి ఇద్దరికీ ఆరేళ్లుగా మాటల్లేవు. మేనమామని అడగకుండా మా పాపకి కుసుమ అని పేరు పెట్టేశామని తమ్ముడి అలక. వాడికి మా అమ్మ జోగమ్మ పేరు కావాలి. ఖరగ్‌పూర్‌లో మొండితనానికి పోటీ పెడితే ఇద్దరికీ చెరో కప్పు ఇవ్వాలి.

ఆ ఏడాదే మా సరుకు విదేశాలకు పోతూ రెండుసార్లు దారిలో తగ్గింది. మళ్లీ తగ్గితే ఆర్డరు రద్దని అక్కడివాళ్లు కబురు పెట్టారు. ఆర్డరు పోతే ప్యాకింగ్ ఆడవాళ్లందరం ఇంటికే.

అప్పుడు కస్టమ్స్, రైల్వే, కంపెనీ ఒక్క బల్ల దగ్గర కూర్చున్నాయి. తప్పు నీదంటే నీదని అన్నాళ్లూ తిట్టుకున్నవాళ్లు అలా కూర్చోవడమే నాకు వింత. కస్టమ్స్ ఆఫీసరు రామనాథం గారు, మన తెలుగాయనే, ఒక పద్ధతి పెట్టారు. ఫ్యాక్టరీలోనే ఆయన ఎదుట సరుకు లెక్కపెట్టాలి. కంటైనరు మూసి కంపెనీ సీలొకటి, రైల్వే సీలొకటి వేయాలి. ఒకరి సీలు ఇంకొకరు చూడాలి. ఎంత తెలివైన ఏర్పాటో!

ఆ సీళ్లు వేసింది మా వీరులిద్దరే. ఒకరి మొహం ఒకరు చూడలేదు గానీ, ఒకరి సీలొకరు కళ్లు చిట్లించి మరీ చూసుకున్నారు.

మర్నాడు యార్డులో ఆగి ఉన్న కంటైనరుకి రైల్వే సీలు తెగి కనిపించింది. చూసింది మా ఆయనే. గుట్టుగా ఇంకోటి వేసేస్తే అడిగేవాడు లేడు. ఆయన తిన్నగా వెళ్లి పై ఆఫీసులో చెప్పేశాడు. ఇందుకే నాకు ఆయన మీద ఎంత కోపమొచ్చినా నిలవదు.

రామనాథం గారు వచ్చారు. మళ్లీ లెక్కపెట్టడానికి, పెట్టెలు సర్దిన మమ్మల్నీ పిలిపించారు. "వీడే తెంపాడేమో ఎవరికి తెలుసు?" అని మా మేనేజరు మా ఆయన్ని చూస్తూ గొణిగాడు.

కంపెనీ సీలు చూస్తున్న దేముడు గిరుక్కున తిరిగాడు. "మా బావ అలాటోడు కాదు బాబూ! నా సీలు సెక్కు సెదరనేదు. లోనకి ఎవులూ ఎల్లనేదు."

బావ! ఆరేళ్లకి ఆ మాట వాడి నోట వచ్చింది. నా సంతోషం ఎంతోసేపు ఉండలేదు.

"బావా? మీరిద్దరూ చుట్టాలా?" అన్నారు రామనాథం గారు. ఆయన మొహం ముడుచుకుపోయింది. రెండు సీళ్లూ ఒకే ఇంటివైతే ఇంకేం కాపలా? నేనే ముందుకెళ్లాను.

"సుట్టాలే బాబూ. ఆరేల్లనుంచీ మాటల్నేవు. ఈల్లిద్దరూ కలిసి దొంగతనం సేసీ మాట అటుంచండి, ఇద్దరిసేతా కలిపి టీ తాగించడం నావల్ల కానేదు."

ఆయన నవ్వేశారు. అయినా నా మాట నమ్మి వదల్లేదు. తలుపు తెరిపించి ప్రతి పెట్టెనీ లెక్కపెట్టించారు. ఒక్కటీ తగ్గలేదు. మళ్లీ రెండు సీళ్లూ వేయించి, "బావా బావమరుదుల మధ్య నాదీ ఒకటి ఉండనీ" అంటూ కస్టమ్స్ సీలు కూడా వేయించారు. మనిషంటే అలా ఉండాలి.

సరుకు నిండుగా చేరింది. మా ఉద్యోగాలు నిలబడ్డాయి. ఆ ఆదివారం తమ్ముడు న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలోని మా క్వార్టరుకి వచ్చాడు. బావా బావమరుదులు చెరో గోడా చూస్తూ కూర్చున్నారు. చివరికి వాడే గొంతు సవరించుకున్నాడు.

"కుసుమా, మీ నాన్నకీ నాకూ మంచినీల్లు అట్టుకురా తల్లీ."

పాప గ్లాసులకోసం వంటింట్లోకి వచ్చేసరికి నేను కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నాను.