తడిపి అల్లిన జడలు

రెండువేల ఇరవై ఐదవ సంవత్సరం జూన్ ఇరవై మూడు, సోమవారం ఉదయం. స్థలం ఆళ్లగడ్డలో ఆదినారాయణ ఇంటి వసారా. ఆ ఉదయం ఇంట్లో ఉన్నవారు: రైతు ఆదినారాయణ, అతనికి చిన్నాన్న అయిన రిటైర్డు ఉపాధ్యాయుడు శేషయ్య, ముందునాటి సాయంత్రం నంద్యాల నుంచి బస్సులో వచ్చిన అత్తగారు ఉమామహేశ్వరమ్మ, ఆదినారాయణ కూతురు, మూడవ తరగతి చదువుతున్న వినీత. శేషయ్య చేతిసంచిలో ఉన్న కాగితం ఆ పిల్లను గురించినదే.

పోయిన శ్రావణంలో వినీత తల్లి సుకన్య విషజ్వరంతో చనిపోయింది. అప్పటి నుంచి పిల్లకు తలనొప్పి. బడి నుంచి వచ్చి సంచి పడేసి, తల రెండు చేతులతో పట్టుకుని గోడకు ఆనుకునేది. నంద్యాలలో కంటి డాక్టరుకు చూపిస్తే అద్దాలు అవసరం లేదన్నాడు. వేసవి సెలవుల్లో నంద్యాలలో అవ్వ ఉమామహేశ్వరమ్మ దగ్గర ఉన్నన్నాళ్లూ నొప్పి అన్న మాటే లేదు. బడి తెరిచారు, ఆళ్లగడ్డకు వచ్చింది, నొప్పి మళ్లీ మొదలైంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలన్నది ఉమామహేశ్వరమ్మ వాదన. ఆమెకు సుకన్య ఒక్కతే సంతానం. ఆ సుకన్య బిడ్డయినా తన ఇంట పెరగాలని ఆమె కోరిక. ఆదినారాయణకు ఆ పిల్ల తప్ప ఇంట్లో వేరే మనుషులు లేరు. పెద్దమనిషిగా శేషయ్య ఏది చెప్తే దానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆయన ఆలోచించి చిత్తు రాసి తెచ్చాడు: వినీత నంద్యాలయందు అవ్వ ఇంట ఉండి చదువుకొనవలెను, తండ్రి ఆదివారములందు వచ్చి చూడవచ్చును.

"పిల్లని బడికి పంపినాక సంతకాలు పెడదాం. దాని ముందర వద్దు," అన్నాడు శేషయ్య ఉమామహేశ్వరమ్మతో, తగ్గు గొంతుతో.

లోపల ఆదినారాయణ పిల్లకు నీళ్లు పోసి, యూనిఫాం తొడిగి, బాక్సులో చిత్రాన్నం సర్దుతున్నాడు.

"నాయనా, ఒక సాక్సు కనపడల్యా."

"నిన్నటివి ఏసుకో."

"నిన్నటివి కంపు కొడతాండాయి."

"నీ కాళ్లు వాసన చూసేదానికి ఎవురొస్తారు మే? బేగా రా, అరగంటలో ఆటో వస్తాది."

పిల్ల వచ్చి గడప మీద తండ్రికి వీపు పెట్టి కూర్చుంది. ఉమామహేశ్వరమ్మ ఇంతవరకూ సెలవులకే వచ్చింది గాని, బడి ఉన్న రోజు ఉదయం ఈ ఇంట్లో ఎన్నడూ ఉండలేదు. చెంబులో చెయ్యి ముంచి అల్లుడు పిల్ల జుట్టంతా తడపడం ఆమె చూసింది. పాపిడి తీసి, మూడు పాయలు చేసి, ఒక్కొక్క మెలికకూ వెనక్కి గుంజి బిగిస్తున్నాడు. చిన్నతనం నుంచి ఎద్దులకు పలుపులు తానే అల్లుకున్న చేతులవి. నార తడిపి అల్లితే ఆరేకొద్దీ బిగుస్తుంది. ఎద్దు ఎంత గుంజినా ఊడదు. పిల్ల కనుకొసలు చెవుల వైపు సాగాయి.

"ఏమప్పా, అది పిల్ల తలా, ఎద్దు మెడా?" అంది ఉమామహేశ్వరమ్మ.

"వదులుగా ఏస్తే నిలబడదు అత్తా. మొదట్లో బడిలో ఊడిపోతాండె. తల్లి లేదు గదా, ఇట్లనే ఉంటాదిలే అని ఎవురో అన్యారంట. ఆ పొద్దు ఇంటికొచ్చి అన్నం ముట్టల్యా. ఇప్పుడు సాయంత్రం దాకా ఒక్క ఎంటిక కదలదు."

అతని గొంతులో చిన్న గర్వం ఉంది.

"ఇట్ల పంపు. నూనె రాసి నేనేస్తా."

లోపల పడమటింట్లో పిల్లను ముందు కూర్చోబెట్టుకుని ఉమామహేశ్వరమ్మ జడలు విప్పింది. కణతల పైన చర్మం ఎర్రగా కంది ఉంది. చెవుల వెనుక సన్నని పొక్కులు. నుదుటి అంచున వెంట్రుకలు కొన్నిచోట్ల రాలిపోయి చర్మం నున్నగా కనిపించింది. వేలు తగలగానే పిల్ల భుజాలు అదిరాయి. నోటి వెంట మాత్రం శబ్దం రాలేదు.

"ఇదేనా మే నీ తలనొప్పి?"

"మెల్లగ అవ్వా. నాయనకు ఇనపడతాది."

"ఇన్ని దినాలు ఎందుకు చెప్పల్యా?"

పిల్ల తలుపు వైపు చూసింది. "చెప్తే, నాయనకు జడెయ్యను చేతకాదంటారు. నన్ను ఈడ ఉండనీరు. నువ్వు గూడా చెప్పొద్దు."

ఉమామహేశ్వరమ్మ దువ్వెన పట్టుకున్న చెయ్యి ఆగింది. వేసవి అంతా తన ఇంట్లో పిల్ల జుట్టు విరబోసుకునే తిరిగింది. అడిగినప్పుడు ఒక క్లిప్పు పెట్టేది తాను. నయం చేసినది తన ఇల్లు కాదు, తన ప్రేమ కాదు. ఇంతకాలం తాను చూపిన సాక్ష్యం ఈ రెండు జడలతో పాటే విడిపోయింది. అయితే ఆ సంగతి తెలిసింది తనకొక్కతికే. పిల్ల మాట మన్నించి నోరు మూసుకుంటే చాలు, బయట సిద్ధంగా ఉన్న కాగితం తన పని తాను చేస్తుంది. పాపం, పిల్లకు ఆ కాగితం సంగతి తెలియదు.

ఆమె చాలాసేపు దువ్వింది. తువ్వాలుతో తడి ఒత్తి, నూనె రాసి, వేలు దూరేంత వదులుగా రెండు జడలు అల్లి, మడిచి, రిబ్బన్లు కట్టింది. తర్వాత పిల్ల చెయ్యి పట్టుకుని వసారాలోకి నడిచింది.

"శేషయ్యన్నా, కాగితం ఇప్పుడే తియ్యి. పిల్ల ముందరే మాట్లాడల్ల."

ఉమామహేశ్వరమ్మ పిల్ల తలను వంచి, చెవి వెనుక చర్మం ఇద్దరికీ చూపించింది. చెప్పవలసినది చెప్పింది. వేసవి సంగతి కూడా దాచలేదు.

ఆదినారాయణ కూతురి తల దగ్గరికి చెయ్యి తెచ్చి, తాకకుండానే వెనక్కి తీసుకున్నాడు. గడప మీద కూలబడి, తన అరచేతులు చూసుకున్నాడు.

"కలం ఇయ్యి చిన్నాయనా. పిలుచుకపోనీ. నాకు మాట్లాడేదానికి ఏం మిగల్యా."

"చెప్పొద్దంటి గదా అవ్వా!" అంది వినీత. ఏడవలేదు. తన చేతిని మాత్రం అవ్వ చేతిలో నుంచి విడిపించుకుంది.

ఉమామహేశ్వరమ్మ ఆ ఖాళీ చేతితోనే, శేషయ్య అల్లుడికి అందిస్తున్న కలం తీసుకుంది.

"పెట్టొద్దప్పా. నొప్పి చెప్తే పంపిచ్చేస్తారని ఇది అనుకుంటాంది. ఇప్పుడు పంపిస్తే అదే నిజమైతాది. ఇంగ నా ఇంట్లో కాలు ఇరిగినా నాకు చెప్పదు."

శేషయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అయితే ఏం రాయల్లమ్మా?"

"నంద్యాల అని ఉన్న కాడ ఆళ్లగడ్డ అని రాయి. ఆదివారం నేనొస్తా. ఇంగొకటి. పిల్లకు నొప్పయితే ఎవురికైనా చెప్పచ్చు. చెప్పినందుకు యాడికీ పంపరు."

"ఇట్లాంటివి ఒప్పందాల్లో రాయరే!"

"రాయన్నా. దానికి చదువొస్తాది గదా, చదువుకుంటాది."

శేషయ్య కొత్త కాగితం తీసి తన పద్ధతిలోనే రాశాడు. వినీత ఆయన భుజం మీదుగా వంగి, వేలు పెట్టి చదివింది: "చెప్పిన కారణముచేత ఆమెను ఎచ్చటికిని పంపరాదు." తల ఎత్తి, "ఎచ్చటికిని అంటే ఏంది తాతా?" అంది.

"యాడికీ అని."

"అట్లనే రాయచ్చు గదా."

"నిజమేలే," అన్నాడు శేషయ్య, కానీ దిద్దలేదు.

వీధిలో ఆటో హారను మోగింది. ఆదినారాయణ బాక్సు సంచిలో పెట్టి, పిల్లను ఆటో ఎక్కించి వచ్చాడు. వచ్చి, అత్త ముందు నిలబడి, "ఎంత వదులు పెట్టల్లో రేపు పొద్దున చూపిచ్చి పో అత్తా," అన్నాడు.

"ఉంటాలే."

అతను సంతకం చేశాడు. సాక్షిగా శేషయ్య చేశాడు. ఉమామహేశ్వరమ్మ చివరగా, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ తన పేరు పూర్తిగా రాసింది. నంద్యాల ఇంట్లో కిటికీ పక్కన పిల్లకని వేయించిన చిన్న మంచం సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

"కాగితం ఎవురి దగ్గర ఉండల్ల?" అన్నాడు శేషయ్య.

"నా దగ్గరే. మాట తప్పేదానికి మనసు గుంజేది నాకే గదన్నా."

సిరా ఆరేదాకా ఆగి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, తన చేతిసంచి లోపలి అరలో ఉంచి జిప్పు వేసింది.