తెర మీది చేతులు

కాసులమ్మ లోదుస్తుల నడుముకు ఎలాస్టిక్ పట్టీ కుడుతోంది. ఎడమచేత్తో పట్టీని సాగదీసి, కుడిచేత్తో గుడ్డను సూది కిందికి తోస్తోంది. ఆ కుడి చూపుడువేలి గోరు నిలువునా చీలి ఉంటుంది. పనిలో చేరిన కొత్తలో సూది దిగింది, గోరు మళ్ళీ అతుక్కోలేదు. బుచ్చయ్యపేట దగ్గర బెల్లం వండే భర్త దేముడు నడుము విరిగి మంచాన పడ్డాక ఆమె ఈ ఎగుమతి ఫ్యాక్టరీలో చేరింది. అప్పటినుంచీ పట్టీలే. బట్ట పూర్తయ్యాక ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు.

నిన్న ఆదివారం అనకాపల్లిలో ఒక హాల్లో ఆమె ఉన్న డాక్యుమెంటరీ వేశారు. విదేశాల పెద్ద షాపుల కోసం ఇక్కడ ఎవరు ఒళ్ళు అరగదీసుకుంటున్నారో చెప్పే సినిమా. వేసవిలో సుచిత్ర అనే అమ్మాయి కెమెరాతో ఇంటికొచ్చి, పొరుగింటి మిషను మీద కుట్టించి తీసింది.

"మీరు కుట్టినవి వేసుకునేవాళ్ళకి ఏం చెబుతారమ్మా?" అని అడిగింది.

"నడుంకాడ బిగుతుగా ఉన్నాదేటో అడగండమ్మా. కాస్త వొదులుగా కుడతాను."

తెర మీద ఆ మాట లేదు. ఉద్యోగం పోతుందని ముఖమూ చూపలేదు. చేతులే, గోడంత చేతులు. వాటి మీద ఎవరిదో మగగొంతు, ఇంగ్లీషులో. చివర తెలుగు అక్షరాలు: ఇలాంటి బట్టలు కొనకండి. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆమె కూడా కొట్టింది.

"కొనకపోతే మరి మనమేటి కుట్టాలే?" ఇవాళ కుడుతూనే పక్క మిషను లావణ్యను అడిగింది.

"నాకేటి తెలుసు పిన్నీ! ఇటు సూడకు, నానాజీ వత్తన్నాడు."

సూపర్‌వైజర్ నానాజీ వచ్చి ఫోన్ చూపించాడు. అందులో ఆ సినిమాలోని చేతులు, చీలిన గోరు.

"నీవి కావని సెప్పక్కా," అన్నాడు గొంతు తగ్గించి. "పైవోళ్ళకి అదే సెప్పేత్తాను."

కాదందామనే నోరు తెరిచింది. ఇన్నేళ్ళలో కుట్టినదాని గురించి ఇది నువ్వు చేసిందేనా అని అడిగినవాళ్ళు లేరు.

"నావే బాబూ," అంది.

నానాజీ తల దించుకున్నాడు. మెడలోని కార్డు తీసి అతని చేతికిచ్చి, క్యారేజీ పట్టుకుని ఆమె గేటు దాటింది. దేముడికి ఏం చెప్పాలో తోచక, వచ్చిన మొదటి బస్సు ఎక్కలేదు.

భోజనాల బెల్లు తర్వాత ఆ మిషను మీద మరో అమ్మాయి కూర్చుంది. స్టూలు ఎత్తు ఎక్కువైందని దానిమీద వేసి ఉన్నది లాగి నేల మీద పడేసింది. కాసులమ్మ గుడ్డపీలికలు కూరి కుట్టుకున్న చిన్న దిండు అది. నడుమ పడిన గుంట సాయంత్రానికీ పైకి లేవలేదు.