బోర్డుకెక్కిన బాబాయి మాట

చిట్టికి యుద్ధం గురించి తెలిసిందల్లా సినిమాల్లో చూసిందే. అందుకే యుద్ధ నవల మీద విశ్లేషణ వ్యాసం రాసి తెమ్మంటే, అందులో జరిగిందంతా నాలుగు పేజీల్లో అప్పజెప్పి చేతులు దులుపుకుంది. లెక్చరర్ మేడమ్ ఆ కాగితాలు తిరిగి చేతిలో పెట్టేసింది.

"ఇది కథ చెప్పడమమ్మా. అందులో సైనికుడు గాయపడ్డ స్నేహితుణ్ణి నది ఒడ్డున వదిలేసి పోయాడని నాకూ తెలుసు. ఆ పేజీలో రచయిత ఒక్క కన్నీటి చుక్క కూడా ఎందుకు పెట్టలేదో, అది చెప్పు."

చిట్టి రెండు రోజులు బుర్ర గోక్కుంది. ఏమీ తోచక బాబాయి దగ్గరికి వెళ్లింది.

బాబాయి ఆమె చదివే కాలేజీ బస్సుకే డ్రైవరు. చిట్టి ఉండేది వాళ్లింట్లోనే. అంతకుముందు సైన్యంలో అంబులెన్సు నడిపాడు. ఎవరైనా యుద్ధం ఊసెత్తితే "అక్కడ టీ మాత్రం నోట్లో పెట్టుకోలేం" అని నవ్వించి తప్పుకునే మనిషి. ఆ సాయంత్రం ఇంజన్ ఆయిల్ చూస్తున్నవాడు, చిట్టి నవల్లోని ఆ పేజీ పైకి చదువుతుంటే చేతిలో గుడ్డ పక్కన పెట్టాడు. "ఇంకోసారి చదువు" అన్నాడు. చదివింది. బస్సు మెట్టు మీద కూలబడి, మెల్లగా చెప్పాడు.

"నా బండిలో నలుగురికే చోటు. దెబ్బలు తగిలినవాళ్లు అయిదుగురు. అయిదోవాడు మా వంటవాడు. 'ఇక్కడే ఉండు, ఇప్పుడే వస్తా' అన్నాను. తిరిగి వెళ్లేసరికి వంతెన లేదు." గుడ్డ మళ్లీ చేతిలోకి తీసుకుని, "మీ పిన్నికి కూడా తెలీదే తల్లీ" అన్నాడు.

ఆ మాట చిట్టి విన్నది. విని కూడా రాసింది. వదిలేసి వెళ్లేవాడికి ఆ క్షణాన ఏడవడానికి తీరిక ఉండదని, అందుకే ఆ పేజీ పొడిగా ఉందని వాదించి, రుజువుగా సైన్యంలో పనిచేసిన తన బాబాయిని నిలబెట్టింది. "ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. చూసి ఉంటే బండి కదిలేది కాదు" అని ముగించింది. బాబాయి ఆ మాట అననే లేదు. అయినా ఆ వాక్యం ఎంత నచ్చిందంటే, రెండుసార్లు పైకి చదువుకుని మురిసిపోయింది.

వ్యాసానికి మొదటి బహుమతి వచ్చింది. మేడమ్ దాన్ని నోటీసు బోర్డుకి అంటించింది. ఆ కాగితాలు చూడగానే చిట్టికి, పిన్నికి కూడా తెలీదన్న బాబాయి మాట గుర్తొచ్చింది. కానీ మార్జిన్‌లో ఎర్ర సిరాతో "అద్భుతం" అని ఉంది. ఆయన పేరు రాయలేదు కదా అని సర్దిచెప్పుకుంది. సైన్యంలో పనిచేసిన బాబాయి ఆ కాలేజీలో ఇంకెవరికి ఉన్నాడని!

మూడో రోజు బస్సులో, ముందు సీట్లో కూర్చున్న ఫస్టియర్ అమ్మాయి పాపం జాలిగానే అడిగింది.

"డ్రైవరంకుల్, ఆ వంటాయన తర్వాత దొరికాడా?"

"ఏ వంటాయనమ్మా?"

"బోర్డు మీద ఉందిగా, అక్క రాసింది. మీరు వెనక్కి తిరిగి కూడా చూడలేదని."

బస్సు మొత్తం చెవులు రిక్కించింది. బాబాయి గేరు మార్చాడు. ప్రతి స్టాపులోనూ ఎప్పుడూ ఆపే చోటే ఆపాడు. చిట్టికి తల కొట్టేసినట్టయింది. ఇంటికి మూడు స్టాపుల ముందే, వెనక తలుపులోంచి దిగిపోయి నడిచి వచ్చింది.

పిన్ని గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఇంకొకరి నోట వినేలోపు తనే చెప్పేశాడు బాబాయి.

"పద్నాలుగేళ్ల కాపురం" అంది పిన్ని, చిట్టి వైపు చూడకుండానే. "నిద్రలో 'ఇక్కడే ఉండు, ఇక్కడే ఉండు' అని కలవరిస్తుంటే, నాతోనే అంటున్నాడనుకుని మురిసిపోయేదాన్ని."

చిట్టి చెప్పులు విప్పి ఆమెను దాటుకుని వెళ్లింది. లోపల బాబాయి యూనిఫారం కూడా విప్పకుండా కుర్చీలో ఉన్నాడు.

"నీ పేరు రాయలేదు బాబాయ్..." ఆ మాట నోట్లోంచి ఊడిపడ్డాక గానీ, అదెంత నీచంగా ఉందో ఆమెకే తెలియలేదు.

"పేరు రాసుకుంటే రాసుకో. చూడలేదని ఎవరు చెప్పారే నీకు?" గొంతు పెంచలేదు. "అద్దంలో చూశాను. మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను. చెయ్యి ఊపుతున్నాడు. రమ్మంటున్నాడో, పొమ్మంటున్నాడో, ఇప్పటికీ తెలీదు."

మర్నాడు చిట్టి బస్సెక్కలేదు. నడిచి వెళ్లి, ఎవరూ రాకముందే బోర్డు మీది కాగితాలు పీకేసింది. మేడమ్ వచ్చేదాకా గది బయటే నిలబడి, "ఆ కథ అడక్కుండా రాశాను. చివరి మాట నేను కల్పించాను" అని చెప్పింది. మేడమ్ కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది. "నువ్వు రాశావు సరే. ఆయన్ని ఒక్క మాట అడక్కుండా నేనెలా అంటించాను?" అంది.

బహుమతి ఇంకొకరికి వెళ్లింది. చిట్టి మళ్లీ రాసింది, ఈసారి నవల గురించే. కన్నీరు ఎందుకు లేదో తనకు తెలియదని, తెలుసనుకోవడం తప్పని రాసింది. అత్తెసరు మార్కులు వచ్చాయి.

నెల రోజులు బాబాయి ఆమెతో "ఎక్కు", "దిగు" తప్ప మూడో మాట మాట్లాడలేదు. ఓ ఆదివారం అందరూ భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు, పిన్ని ఉన్నట్టుండి అడిగింది.

"ఆ వంటాయన పేరేంటి?"

బాబాయి ముద్ద కింద పెట్టి పేరు చెప్పాడు. తర్వాత, "కూరల్లో ఉప్పు మాత్రం ఎప్పుడూ ఎక్కువే వేసేవాడు" అన్నాడు.

చిట్టి తన కంచం తీసుకుని పెరట్లోకి వెళ్లి, ఆ మిగతా మాటలు తన చెవిన పడకుండా వెనక తలుపు చేరవేసింది.