అద్దం సందులో ఇనప రజను

ఏది ముందు జరిగిందో, ఏది తరవాతో ఈమధ్య నాకు కలగాపులగం అయిపోతోంది. టాక్సీ ఆవిడ మా తమ్ముడు అల్లుడి మీదకి పానా విసరకముందు వచ్చిందా, విసిరాక వచ్చిందా, ఒట్టేసి చెప్పలేను. అద్దం ఎలా లేచిందో మాత్రం గుర్తుంది. అదీ జారిపోకముందే రాసి పెడుతున్నాను.

మా తమ్ముడి కార్ల షెడ్డులో పొద్దున్నే మొదటి పని ఊడవడం. కరుకు మాట నోరు దాటగానే ఇనప రజనై రాలుతుంది కదా. మామూలు కొంపల్లో చారెడు రాలితే ఎక్కువ. అక్కడ బకెట్టు నిండేది. మా తమ్ముణ్ణి అందరూ చిటపట అంటారు, అతని అల్లుణ్ణి నత్త అంటారు. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఊడ్చేది చిటపట కూతురు, అంటే నత్త భార్య. చీపురుకి తగలగానే ఏది ఎవరి రజనో చెప్పేసేది. తండ్రిది ముతక, మొగుడిది పిండిలా మెత్తన. కళ్ళలో పడేది ఆ మెత్తనిదే.

ఆవేళ టాక్సీ ఆవిడ తెచ్చిన బండి అద్దం సగంలో బిగుసుకుపోయింది. స్విచ్చి నొక్కితే కదలదు.

"ఈ అద్దం పక్కన కూచునేదెవరు?" అన్నాడు చిటపట. ఏ బండి వచ్చినా అక్కడ మొదట అడిగేది అదే.

"డ్రైవరు సీట్లో నేను గాక మీ తాత కూచుంటాడా?" అందావిడ. నాలుగు రజను పలుకులు డోరు మీద రాలాయి. "సాయంత్రం ఘాట్ రోడ్డు ఎక్కాలి. పైన వాన. బేరం పోతే మీ షెడ్డు రేకులు పీకి అమ్ముకుంటాను."

నత్త డోరుకి చెవి ఆనించి స్విచ్చి నొక్కాడు. లోపల టక్కుమంది. కరెంటు వస్తోంది, ఫ్యూజూ వైర్లూ బాగానే ఉన్నాయి, మోటారే పట్టేసింది. మోటారులో అయస్కాంతం ఉంటుంది. అద్దం సందులోంచి జారిన రజనంతా దానికే కరుచుకుంటుంది. డోరు అట్ట ఊడదీసి, మోటారు విప్పి, దులిపి బిగించారు. అద్దం జానెడు లేచి ఆగింది. మళ్ళీ విప్పారు. మళ్ళీ ఆగింది.

"మూత సరిగా పెట్టావా, మహానుభావా?"

"మీరు నేర్పినట్టే పెట్టాను మావయ్యగారూ. అందుకే ఆగింది."

"నీకు నేర్పే బదులు గోడకి నేర్పాల్సింది. అదైనా నిలబడి వినేది."

"గోడ కూడా బీటలిచ్చింది, చూసుకోండి."

ఇద్దరి మధ్యా మోటారు మూత తీసి పడుంది. అన్న ప్రతి మాటా అందులోకే రాలుతోంది. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడమే గాని కిందకి చూడరు.

చివరికి చిటపట పానా విసిరాడు. "పొద్దుగూకేలోగా అద్దం లేవకపోతే నువ్వు బయటికి నడు. నా కూతురు ఇక్కడే ఉంటుంది."

"లేస్తే నేనే పోతాను. వేరే షెడ్డు పెట్టుకుంటాను. మీ అమ్మాయి నాతో వస్తుంది."

ఆ అమ్మాయి చీపురు పట్టుకుని అక్కడే నుంచుంది. ఇద్దరిలో ఒక్కడూ అటు తిరగలేదు.

"నీ మాటేంటమ్మా మరి?" అంది టాక్సీ ఆవిడ.

"నన్నెవరూ అడగలేదుగా అక్కా." ఆ మాటకి ఒక్క పలుకూ రాలలేదు. "బండి రోడ్డు అటుపక్కకి పెడతావా?"

చీపురు గోడకి ఆనించి, మోటారు గుడ్డలో చుట్టుకుని ఆవిడ వెనకే వెళ్ళింది. తిట్టుకునే హడావిడిలో మగాళ్ళు చూడలేదు. అక్కడ, ఒక్క కేకా వినబడని చోట, బ్రష్షుతో దులిపి మూత బిగించి మోటారుని డోరులో పెట్టింది. అద్దం సందున రబ్బరు చీలిపోయి ఉంటే కొత్తది తొడిగింది. డ్రైవరు సీట్లో కూచుని స్విచ్చి నొక్కింది. అద్దం నీళ్ళలోంచి చేప లేచినట్టు లేచింది.

అప్పుడు పరిగెత్తుకొచ్చారు ఇద్దరూ.

"నా షెడ్డు సామానుతో బాగైంది! దిగవే!"

"అద్దం లేచింది, నేను గెలిచాను! దిగి బట్టలు సర్దుకో!"

మాటలు అద్దానికి తగిలి టిక్కుటిక్కుమని బయటే రాలాయి. లోపలికి ఒక్క పలుకూ రాలేదు. పుట్టాక మొదటిసారి ఆ పిల్ల చెవులకి తన ఊపిరి వినిపించింది.

"అక్కా, ఘాట్ మీద బండి మొరాయిస్తే చూసే మనిషి కావాలా?"

"కావాలి." ఆవిడ అటుపక్క డోరు తీసి పక్క సీట్లో కూచుంది. "నువ్వే పోనీ. నేను కాసేపు కునుకు తీస్తాను."

గేరు పడింది. కార్లు అటూ ఇటూ మార్చిమార్చి డ్రైవింగు ఎప్పుడో నేర్చిన పిల్లే.

నత్త ఎటూ పోలేదు, చిటపట పొమ్మనలేదు. ఊడ్చేవాళ్ళు లేరు. మోకాటి లోతు రజనులో నుంచుని ఇంకా పోట్లాడుకుంటున్నారు. షెడ్డు పక్కనే ఉన్న నా గది కిటికీ సందు రబ్బరుతో మూసుకున్నాను.

అమ్మాయీ, నీకే పంపుతున్నాను. పేర్లు ఒకసారి సరిచూడు. నత్త అని మీ ఆయనకి పెట్టింది మీ నాన్నా, బండ్లవాళ్ళా? మీ నాన్నని మొదట చిటపట అన్నది నేనేనా? తప్పయితే దిద్దు. అందుకోసం అద్దం మాత్రం దించకు.