కాడి దించిన సోమవారం

ఎర్రగుంటపల్లిలో ఓబుళేసు దేవుడికి దండం పెట్టగా చూసినవాళ్ళు తక్కువ, గరిడీలో దండాలు తీయగా చూడనివాళ్ళు లేరు. కోడి కూయకముందే లేచి దండాలు, బస్కీలు. పగలంతా చెరువు మట్టి బండి తోలడం. పొద్దు గుంకేవేళకు మళ్ళీ గరిడీ. కొండంత కండ పెంచుతానని పట్టుబట్టిన మనిషి. వానకు మొహం వాచిన ముదిగుబ్బ దారిలో ఏదైనా పెరగడమే విడ్డూరం గనుక, జనం అతని కండలను నిండిన చెరువును చూసినట్టు నిలబడి చూసేవారు.

ఆ పట్టుదలకు ఒక కారణం ఉంది, దాని పేరు అవ్వ. అవ్వ అంటే గరిడీ ముందున్న నల్ల గుండు. చేతికి పట్టు దొరకనంత నునుపు. ఉగాది నాడు దాన్ని నేల మీంచి మోకాళ్ళకు, మోకాళ్ళ నుంచి రొమ్ముకు, రొమ్ము నుంచి భుజానికి తెచ్చి, వీపు వెనక్కి వేయాలి. ఆఖరుసారి ఆ పని చేసినవాడు ఓబుళేసు నాయన ఎర్రిస్వామి. ఆయన పోయాక అవ్వను ఎత్తుకున్న మనవడు ఊళ్ళో పుట్టలేదు. గుండు ఉంది, ఎత్తే గుండె లేదు.

పోయిన ఉగాదికి కళ్యాణదుర్గం వైపు నుంచి మారెప్ప అనే పహిల్వాను వచ్చి దాన్ని రొమ్ముదాకా తెచ్చి దించాడు. మీసం తుడుచుకుని, "ఎత్తేటోడు లేని ఊరికి గుండెందుకప్పా? గొరిగించుకున్న తల మాదిరి ఊరికే ఎండకు మెరుస్తాండాది. వచ్చే ఉగాది నాడు ముందుగా మీవోడు ఎత్తితే సరి. లేదంటే నేనెత్తి మా ఊరికి బండికేసుకొని పోతా," అన్నాడు. పెద్దలు పౌరుషానికి పోయి సరేనన్నారు.

ఊరికి అది పరువు. ఓబుళేసుకు అంతకన్నా ఎక్కువ. నాయన ఫోటో ఒక్కటైనా లేని ఇల్లు అతనిది. నాయన రొమ్ముకు రాసుకుని రాసుకుని నున్నబడిన ఆ రాయే ఆయన గురుతు. అది బండెక్కితే నాయన రెండోసారి పోయినట్టే.

అందుకే ఒక్క పూటా మానలేదు. గరిడీ పెద్ద శ్రీరంగప్ప వస్తాదు కూడా అదే మంత్రం చెప్పేవాడు: "ఒక్క దినం మానితే ఒళ్ళు తుప్పు పడతాది."

ఇక్కడొక తమాషా ఉంది. ఆ సీమలో సోమవారం ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. అది బసవన్న దినం. ఎద్దులకు సెలవైతే బండికీ సెలవే, బండికి సెలవైతే ఓబుళేసుకు పనుండదు. పనుండదు గనుక ఆ రోజంతా గరిడీలోనే పడి ఇనుప గదలు తిప్పేవాడు. ఎద్దులకు సోమవారం, అతనికి శ్రమవారం.

చలికాలంలో అవ్వ రొమ్ముదాకా వచ్చింది. శివరాత్రికి మోకాళ్ళు దాటలేదు. ఎండలు ముదిరేసరికి నేలే వదల్లేదు. ఓబుళేసు దిష్టి తీయించుకున్నాడు, తాయెత్తు కట్టించుకున్నాడు. గుడ్లు ఎన్ని మింగాడంటే, అతను వీధిలో నడిస్తే కోళ్ళు గంపల కిందికి దూరేవి. అయినా బలం గుడ్డు పెట్టలేదు. చాలినంత చేయడం లేదు కాబోలని ఇంకా చేశాడు. నిద్ర పారిపోయింది, ఆకలి దాని వెంటే పోయింది.

ఉగాది దగ్గరపడిన ఒక సోమవారం ఉదయం అతను గరిడీ నుంచి వచ్చి కొట్టం ముందు కూలబడి ఉండగా పక్కింటి ఈరప్ప వచ్చాడు.

"ఓబుళేసన్నా, నిన్న సందకాడ నా బండి చెరువులో దిగబడిందన్నా. నీ కోడెల్ని ఒక్క గడియ ఇయ్యి. లాగిచ్చుకొని తోలుకొచ్చి కట్టేస్తా."

"ఈపొద్దు ఏమారం ఈరప్పా?"

"సోమారమే. ఒక్క గడియే గదన్నా."

"గడియా లేదు, గొళ్ళెమూ లేదు!" ఓబుళేసు లేచి నిలబడ్డాడు. "ఎద్దంటే ఏమనుకున్నావు? వారమంతా లాగినదానికి ఒక దినం కాడి దించకపోతే మేత మానేస్తాది. కునుకు తీయదు. నోరులేని జీవి, అయినా లాగతానే ఉంటాది. లాగి లాగి ఒకనాడు నడిబాటలో కూలబడతాది. బలం కాడి కింద రాదప్పా. కాడి దించి, పడుకొని నెమరేసేటప్పుడు వస్తాది. పో, రేపు రా."

తొట్టి దగ్గర ఎద్దులను కడుగుతున్న అతని భార్య చెన్నమ్మ చేయి ఆగింది. ఆమె ఓబుళేసు సొంత అక్క కూతురు. మామను పుట్టినప్పటినుంచీ ఎరిగిన పిల్ల.

"మామా, ఆ మాట మల్లొకసారి చెప్పు."

"ఏ మాటమ్మే?"

"మేత మానేస్తాదంటివే, ఆ మాట."

"ఎద్దుల మాటలే అది."

"ఎద్దుల మాటే. నిన్న నీకు పెట్టిన సంగటి ముద్ద పెట్టింది పెట్టినట్లే ఉండాది. రేత్రంతా మంచంలో పొర్లుతావు. ఇప్పుడు కొట్టం ముందర కూలబడితివి. నువ్వు ఎద్దువైతే ఈ పాటికి పశువుల డాక్టరును పిలిపించి ఉందును. మనిషివైపోతివి, ఏం జేద్దును?"

ఈరప్ప బండి మరిచిపోయి కిసుక్కున నవ్వాడు. చెన్నమ్మ నవ్వలేదు. ఎద్దుల నొసట విభూతి పెట్టి, పసుపు రాసి, అదే చేత్తో వచ్చి మొగుని నొసటా పెట్టింది.

"ఈపొద్దు నుంచి మన కొట్టంలో ఎద్దులు మూడు. సోమారం ఏ మెడ మీదా కాడి పడగూడదు. బసవన్న మీద ఆన."

ఆన పడ్డాక ఓబుళేసుకు తప్పలేదు. కొట్టంలో రెండు ఎద్దుల మధ్య గోనెపట్ట పరుచుకుని పడుకున్నాడు. పడుకోవడం ఇంత బరువని అతనికి ఎన్నడూ తెలియదు. అవ్వనైనా ఎత్తవచ్చు గాని, నడుం వాల్చడం ఎంత కష్టం! అరచేతులు దురద పెట్టాయి. తొడలు ఉలిక్కిపడ్డాయి.

మధ్యాహ్నం శ్రీరంగప్ప వస్తాదు వచ్చి గుమ్మంలోనే అరిచాడు. "ఉగాది నెత్తిమీదుంటే నడుం వాలుస్తావా? ఇది సోమారమా, సోమరివారమా?"

చెన్నమ్మే ఎదురొచ్చింది. "వస్తాదన్నా, బండలాగుడు పందేనికి ముందు నీ కోడెల్ని ఏం జేస్తావు?"

"కట్టుగుంజ కాడనే ఉంచి ఉలవలు పెడతా."

"బండ లాగించవా?"

"పందెం ముందరా? ఎద్దు సస్తాది గదమ్మా! ఎవరన్నా..." వస్తాదు మెడ తిప్పాడు. కొట్టంలో మూడో ఎద్దు వైపు చాలాసేపు చూశాడు. కండువా దులుపుకుని వెనుదిరిగి, నాలుగడుగులు వేసి ఆగాడు. "ఉలవలు బాగా ఉడకేసి పెట్టమ్మా. పలుకుంటే కడుపుబ్బుతాది."

సాయంత్రం ఓబుళేసుకు మెలకువ వచ్చింది. నిద్రపోయానని అప్పుడు తెలిసింది. రెండు పక్కలా ఎద్దులు నింపాదిగా నెమరు వేస్తున్నాయి. ఎర్రోడనే ఎద్దు మెడ మీద ఉదయం కమిలి ఉన్న కాడి మచ్చ మీద చేయి పెట్టాడు. వాపు తీసింది. వేడిగా ఉంది. చర్మం కింద ఏదో సన్నగా కదులుతోంది. తన భుజం మీద చేయి పెట్టుకున్నాడు. అదే వేడి, అదే కదలిక. తాను చేయని పని తనలో ఎవరో చేస్తున్నారు. కూలి అడగకుండా, చప్పుడు చేయకుండా, కొట్టంలో ఇంత మెత్తగా వెలుగు పడుతుండగా. ఇన్నాళ్ళూ ఆ పనివాణ్ణి లోపలికి రానివ్వకుండా తలుపు మూసిందెవరు? ఓబుళేసు ఒళ్ళు జలదరించింది. దండాలు తీసే మనిషి ఆ రోజు చేతులెత్తి దండం పెట్టాడు. ఎవరికో అతనికీ తెలియదు.

ఆ పైన కసరత్తు కొద్దికొద్దిగా చేశాడు. ఉగాది ముందటి దినాలు చెన్నమ్మ గరిడీ వైపు చూడనివ్వలేదు.

ఆ యేడు ఉగాది ఆదివారం నాడు వచ్చింది. మారెప్ప గుండు తోలుకుపోవడానికి ఖాళీ బండే కట్టుకుని వచ్చాడు. ఓబుళేసు అవ్వ ముందు నిలబడ్డాడు. ముట్టుకుని ఎన్నాళ్ళయిందో. చేతులకు ఇంకా గురుతుందా? ఒకవేళ వస్తాదు చెప్పిన తుప్పే నిజమైతే?

వంగాడు. చేతులు కిందికి పోనిచ్చాడు. అవ్వ నేల వదిలింది.

లాగినట్టు లేదు. నేలే వదిలేసినట్టుంది. మోకాళ్ళ మీద ఆగింది. ఊపిరి తీసుకున్నాడు. రొమ్ముకు వచ్చింది. ఎండకు కాగిన రాయి రొమ్ముకు తగలగానే అతని ఒళ్ళంతా ఆగిపోయింది. చిన్నప్పుడు జాతరలో నిద్రపోతే నాయన ఎత్తుకుని ఇంటికి తెచ్చేవాడు. ఆ రొమ్ము ఇంతే వెచ్చగా, ఇంతే గట్టిగా ఉండేది. ఇప్పుడు తనే నాయనను ఎత్తుకున్నాడు. తప్పెట కొట్టే మద్దిలేటి పుల్ల గాలిలోనే నిలిపాడు. అవ్వ భుజం ఎక్కింది, వీపు దాటింది. నేల అదిరి ఎర్ర దుమ్ము లేచింది.

ఓబుళేసు తన చేతులను వేరేవాళ్ళ చేతులను చూసినట్టు చూసుకున్నాడు. అరుపులు చాలాసేపటికి గాని అతని చెవుల్లో పడలేదు.

మారెప్ప వచ్చి గుండును తడిమి, అతని భుజం తడిమాడు. "ఏం తిని ఎత్తినావప్పా?"

"పడుకొని ఎత్తినా."

"యెగతాళా?"

"రేపు కొట్టానికి రా. చూపిస్తా."

మరునాడు సోమవారం. మారెప్ప ఊరికి పోదామన్నా ఎద్దుల మెడ మీద కాడి పెట్టే వీలు లేదు. మధ్యాహ్నానికి ఓబుళేసు కొట్టంలో ఎద్దులు నాలుగు, మధ్యలో గోనెపట్టల మీద పహిల్వాన్లు ఇద్దరు. చెన్నమ్మ ఎద్దుల నొసళ్ళకు విభూతి పెట్టుకుంటూ వచ్చి, మొగునికి పెట్టి, ఒక్క క్షణం ఆగి మారెప్పకూ పెట్టింది.

"ఏం జేయాలమ్మా నేనిప్పుడు?" అన్నాడు మారెప్ప, అంత పెద్ద మనిషీ బెదిరిపోయి.

"ఏమీ జేయగూడదన్నా."

మారెప్ప కాసేపు దొర్లాడు. మెల్లగా ఊపిరి నిదానించింది. ఓబుళేసు చేయి చాచి అతని భుజం మీద పెట్టాడు. వేడిగా ఉంది. లోపల అప్పుడే పని మొదలైంది.