డెల్మర్ తుపాకీకి కొత్త గొట్టం

పాత గొట్టం కిర్రుమంటూ మర తిరిగి ఊడివచ్చింది. చలికాలమంతా మంచులో పడి తుప్పుపట్టిన గొట్టం. ఐవర్ దాన్ని గుడ్డతో తుడిచి, కిటికీ వెలుగుకు ఎత్తి చూశాడు. వెలుగు ఇవతలికి రాలేదు. తూటా కూర్చునే గదికి కొంచెం ముందు రాగి ముక్క ఒకటి అడ్డంగా కనిపించింది.

ఐవర్ స్టూలు మీద కూలబడ్డాడు.

అమెరికాలోని మోంటానాలో నలభై ఏళ్లుగా తుపాకులు బాగుచేస్తున్నవాడు రెండోసారి చూడక్కర్లేదు. తుపాకీ మందు పోయడం మరిచి మూసిన తూటా పని అది. టప్పుమంటుంది, దాని తల గొట్టంలో ఇరుక్కుంటుంది, ఇక మరో తూటా పట్టదు. స్నేహితుడు డెల్మర్ తూటాలన్నీ నింపి ఇచ్చింది ఐవరే.

పోయిన నవంబరులో ఇద్దరూ వేటకెళ్లినప్పుడు డెల్మర్ కొండ మీద కాలు విరిగి, మంచులో చనిపోయాడు. ఆపదలో ఉన్న వేటగాడు వరసగా మూడుసార్లు పేలుస్తాడు. ఆ రోజు ఐవర్ విన్నది ఒక్క మోతే. దుప్పిని కొట్టేశాడు, అదృష్టవంతుడు అనుకుని గుడారంలో తీరిగ్గా కాఫీ పెట్టుకున్నాడు. అప్పటినుంచి ఎక్కడ తలుపు దభాలుమన్నా రెండో మోత కోసం చెవులు రిక్కిస్తాడు. అదెందుకు రాలేదో ఇవాళ తెలిసింది.

అయినా పని ఆపలేదు. అలమరలో మూడు గొట్టాలున్నాయి. తళతళలాడేది డెల్మర్‌కి నచ్చేది కాదు. "దుప్పులకి అద్దం చూపిస్తావేంట్రా?" అనేవాడు. లావుది అతని కూతురు టెస్‌కి బరువు. సన్నటి నల్లదాన్ని తీసి లేత్ యంత్రానికి బిగించాడు, మరలు కోశాడు. నూనె పోస్తూ తూటా గదిని కొంచెం కొంచెంగా తొలిచాడు. వెంట్రుకవాసి లోతెక్కువైనా ప్రమాదమే కనుక మాటిమాటికీ కొలత గేజి పెట్టి చూసుకున్నాడు. చేతులు వణకలేదు. అందుకే వాటి మీద అసహ్యం వేసింది.

పాత గొట్టాన్ని సొంతదారుకి తిరిగివ్వడం ఈ పనిలో మర్యాద. తుక్కులో పడేసినా డెల్మర్ భార్య లొరేన్ అడగదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

నాలుగింటికి లొరేన్ వచ్చింది.

"అయిందా ఐవర్? టెస్ ప్రాణం తీస్తోంది, వాళ్ల నాన్న తుపాకీతోనే వేటకెళ్తుందట."

"అయింది. ముందు ఇది చూడు." పాత గొట్టం అందించాడు. "లోపల తూటా ఇరుక్కుపోయింది. మందు లేదు దాన్లో. నేనే పోయలేదు, లొరేన్. వాడు మూడుసార్లూ పేల్చబోయాడు."

లొరేన్ చాలాసేపు గొట్టంలోకి చూసింది.

"పిలిచాడన్నమాట," అంది చివరికి. "ఎందుకు పిలవలేదని రోజూ తిట్టుకుంటున్నాను ఆయన్ని."

ఐవర్ తుపాకీని ముందుకు జరిపాడు. ఆమె పాత గొట్టాన్ని చంకలో పెట్టుకుని, తుపాకీ అందుకుంది. పోయిన వారం అతను టెస్ కోసం నింపిన ఇరవై తూటాల డబ్బా బల్ల మీద ఉంది. లొరేన్ దాన్ని చూసింది.

"తూటాలు పట్నంలో కొనుక్కుంటాంలే."

గొంతులో కోపం లేదు. తలుపు మెల్లగా వేసి వెళ్లింది. కారు చప్పుడు కొండ దిగిపోయాక కూడా డబ్బా బల్ల మీదే ఉంది, మూత మీద ఐవర్ చేతిరాతలో టెస్ పేరుతో.