మంటలరాణికి నాలుగు వందల పాయింట్లు

మంటలరాణి బొమ్మను చూసి ఊరంతా ఆహా ఓహో అంటున్న రోజుల్లో, దాన్ని చూస్తేనే రోత పుట్టే మనిషి ఒక్కతే ఉండేది. ఆవిణ్ణి ఆఫీసులో అందరూ తక్కెడ అని పిలిచేవాళ్ళు. వెక్కిరింపుగా మొదలైన పేరే గానీ, పదకొండేళ్ళలో అదే ఆవిడ ఉద్యోగమూ, హోదా కూడా అయి కూర్చుంది.

ఉద్యోగమంటే బొమ్మలతో ఆడుకోవడం. నవ్వకండి, జీతమిచ్చి మరీ ఆడిస్తారు. ఆ కంపెనీ యుద్ధాల ఆట ఒకటి తయారు చేస్తుంది. భోజనాల బల్లంత బల్ల, దాని మీద అట్టలతో చేసిన కోటగోడలు, ఇటొక సైన్యం, అటొక సైన్యం, మధ్యలో పాచికలూ కొలిచే టేపూ. వేలెడు సిపాయి దగ్గర్నుంచి మూరెడు రాక్షసుడి దాకా ప్రతి బొమ్మకూ ఇన్ని పాయింట్లని విలువ కడతారు. ఎంతటివాడైనా రెండు వేల పాయింట్లకు మించిన సైన్యాన్ని బల్ల మీద దింపడానికి వీల్లేదు. బలమైన బొమ్మ కావాలంటే పాయింట్లు ఎక్కువ పోతాయి, మిగతా సైన్యం పలచబడుతుంది. ఆ విలువలు సరిగ్గా ఉంటేనే అది ఆట, లేకపోతే చిన్నపిల్లల కొట్లాట. వాటిని తూచేది తక్కెడే. ఆవిడ సరేనన్న బొమ్మకు, దాంతో పాటు పెట్టెలో వచ్చే కార్డు మీద ఓ మూల చిన్న త్రాసూ, దాని కింద ఆవిడ పొడి సంతకమూ అచ్చవుతాయి. ఆ గుర్తు లేని బొమ్మను ఆడేవాళ్ళు బల్ల దరిదాపులకు కూడా రానివ్వరు.

మంటలరాణి అనే డ్రాగన్‌ను తూచమని కాగితాలు వచ్చేసరికి బొమ్మ ఇంకా పుట్టలేదు. అక్కడ ఎప్పుడూ అంతే. శిల్పి ఒక గదిలో చెక్కుతూ ఉంటాడు, పక్క గదిలో తక్కెడ ఆ బొమ్మ స్థానంలో ఏదో ఒక డబ్బా పెట్టి ఆడేస్తూ ఉంటుంది. కాగితం మీద గీసిన డ్రాగన్ పొట్ట నేలకానించి పాకుతోంది. అందుకని ఆవిడ ఒక బిస్కెట్ డబ్బాను అడ్డంగా పడుకోబెట్టి, నలభై మూడు ఆటలు ఆడి, నాలుగు వందల పాయింట్లు సరిపోతాయని రాసిచ్చింది. ఆ ఆటలో చూపుకు ఉన్న రూలు ఒక్కటే. బొమ్మ తల దగ్గర మన కన్ను పెట్టి చూడాలి. అక్కణ్ణుంచి కనబడినవాణ్ణి కొట్టొచ్చు, గోడ చాటున ఉన్నవాణ్ణి కొట్టకూడదు.

ఐదు నెలలకు అసలు బొమ్మ వచ్చింది. చెక్కింది మరెవరో కాదు, ఆవిడ సొంత తమ్ముడే. పాకే డ్రాగన్‌లో అందమేముంది అనుకున్నాడో ఏమో, దాన్ని విరిగిన స్తంభం ఎక్కించి, మెడను జానెడు పైకి లేపి పెట్టాడు. అందంగానే ఉంది, అబద్ధం చెప్పడమెందుకు. కనురెప్పల మీద ముడతలు కూడా చెక్కాడు మహానుభావుడు. తక్కెడ దాన్ని బల్ల మీద పెట్టి, వంగి, తల దగ్గర కన్ను ఆనించి చూసింది. గోడలన్నీ దాని గడ్డం కిందే ఉన్నాయి. ఆ మూల నుంచి ఈ మూల దాకా ఒక్క సిపాయికైనా తలదాచుకునే చోటు లేదు. నమ్మలేక ఆరు ఆటలు ఆడింది. ఆరింటిలోనూ రెండో వంతు రాకముందే అవతలి సైన్యం తుడిచిపెట్టుకుపోయింది.

మర్నాడు పొద్దున్నే యజమాని ముందు కాగితం పెట్టింది. "మెడ దించాలండీ. లేదంటే ఆరు వందల యాభై చెయ్యాలి."

యజమాని చెవిలో పుల్ల తిప్పుకుంటూ విన్నాడు.

"ఆరు వందల యాభై అయితే ఏమవుతుందమ్మా? బాగా ఆలోచించి ఒకడు ఒకటి దింపుతాడు. నాలుగు వందలైతే ప్రతివాడూ రెండేసి దింపుతాడు. నువ్వేదో తప్పు జరిగిందని వచ్చావు గానీ, నాకు శుభవార్తే మోసుకొచ్చావు."

"అది ఆట కాదండీ."

"ఒక్క ఏడాది ఆగు. దీన్ని చంపే బొమ్మ ఇంకోటి తెస్తాం. అప్పుడు అందరూ అది కొంటారు. అదేగా ఆట!" అని పుల్ల కొన వంక ఓసారి చూసుకుని, దాన్ని బల్ల అంచుకు తుడిచాడు.

తక్కెడకు ఒంటి మీద జెర్రి పాకినట్టయింది. పదకొండేళ్ళుగా ఈ మనిషి తన మాటకు విలువిస్తున్నాడని మురిసిపోయింది. ఇన్నాళ్ళూ ఆయనకు కావలసింది మాట కాదు, మాట కింద సంతకం. ఆ సంగతి ఇప్పుడు తెలుసుకున్నందుకు ఆయన మీద ఎంత అసహ్యం వేసిందో, తన మీదా అంతే వేసింది.

"అంత పట్టుబడితే నీ ఇష్టం, మెడే కోయిద్దాం. మూస పోసేవాడు రంపంతో కోసేసి, తల తెచ్చి భుజాలకు అతికిస్తాడు. అరగంట పని. నీ తమ్ముడికి మాత్రం నువ్వే చెప్పుకో," అన్నాడు యజమాని.

ఆవిడ చెప్పేలోపే తమ్ముడికి తెలిసిపోయింది. జిగురు వాసన కొట్టే పనిగదిలో, గోళ్ళ నిండా మట్టితో, అక్క దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"అక్కా, తొమ్మిదేళ్ళు మరుగుజ్జుల ముక్కులు చెక్కాను, గుర్రాల గిట్టలు చెక్కాను. నాదని చెప్పుకునే బొమ్మ ఇదొక్కటే. దీని మెడ కోయించకు."

"మరి ఆట ఏమైపోవాలిరా?"

"ఆటదేముంది! ఇవాళ ఒకడు గెలుస్తాడు, రేపు ఇంకొకడు గెలుస్తాడు. బొమ్మ అలా ఉండిపోతుంది. ఒక్క సంతకమే కదక్కా."

ఒక్క సంతకమే కదా అన్న మాటకు ఆవిడకు ఒళ్ళు మండింది. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. కానీ వాడి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. చిన్నప్పటి నుంచీ ఆ కళ్ళను చూసి కరగడం తప్ప ఆవిడకు ఇంకేదీ చేతకాలేదు. అక్కడే నిలబడి, నాలుగు వందలని రాసి ఉన్న కార్డు మీద సంతకం గీకేసింది. అప్పుడు చెయ్యి కాస్తయినా వణకలేదు. తర్వాత తలుచుకున్నప్పుడల్లా ఆవిడకు అన్నిటికన్నా రోత పుట్టించింది అదే.

మంటలరాణి బజారులోకి వచ్చిన మూడు నెలలకు ఆ ఏటి పోటీలు జరిగాయి. బ్యాడ్మింటన్ హాలు అద్దెకు తీసుకుని ముప్ఫై రెండు బల్లలు వేశారు. అక్కా తమ్ముళ్ళిద్దరూ కలిసే వెళ్ళారు. గుమ్మంలో అడుగుపెట్టిన తక్కెడ అక్కడే ఆగిపోయింది. ఏ బల్ల చూసినా అదే మెడ! రంగు వేసే ఓపిక కూడా ఎవడికీ లేదు. ఉత్త ప్లాస్టిక్ మీద జిగురు చీమిడిలా కారి ఎండిపోయింది. సంచిలో పట్టలేదని కొందరు రెక్కలు విరిచి పారేశారు. కాల్చేది తల కదా, రెక్కలు ఉంటేనేం, ఊడితేనేం! ఒక ఘనుడైతే స్తంభానికి మెడా తలా మాత్రం అతికించి తెచ్చాడు. మిగతా ఒళ్ళు ఇంట్లో ఉందట.

తమ్ముడు మూడు బల్లలు చూశాడు. నాలుగోదాని దగ్గర వంగి, కనురెప్పల ముడతల్లో గడ్డకట్టిన జిగురును గోటితో గీకబోయాడు. "ఏయ్, ముట్టుకోకు!" అని కసిరాడు బొమ్మ తాలూకు మనిషి. తమ్ముడు బయటికి వెళ్ళిపోయాడు. సాయంత్రం దాకా లోపలికి రానే లేదు.

ఇక ఆడే తీరు చూస్తే తక్కెడకు మరీ వెగటు పుట్టింది. బల్ల వంక చూసేవాడే లేడు. మొదటి వంతు ఎవరిదో తేలడానికి పాచిక వేస్తారు. అది పడినవాడు పళ్ళికిలిస్తాడు, పడనివాడు ఏడుపుమొహంతో బొమ్మలు ఏరుకుంటాడు. ఈ మాత్రం దానికి సైన్యాలెందుకు, గోడలెందుకు, గుమ్మం దగ్గరే నాణెం ఎగరేసుకుని ఇంటికి పోవచ్చు. యజమాని మాత్రం పెళ్ళిపెద్దలా బల్లల మధ్య తిరుగుతూ అందరి భుజాలూ తడుతున్నాడు.

పంతొమ్మిదో బల్ల దగ్గర బాబాయి ఉన్నాడు. అక్కకూ తమ్ముడికీ ఈ ఆట నేర్పింది ఆయనే. గడియారాలు బాగుచేస్తాడు. కొట్టులో కంటికి పెట్టుకునే అద్దంతోనే ఆరేళ్ళ పాటు కూర్చుని, తొంభై మంది బల్లెం సిపాయిలకు రంగులు వేసుకున్నాడు. ఏ ఇద్దరి మొహాలూ ఒకలా ఉండవు. ఒకడికైతే జలుబు చేసి ముక్కు ఎర్రబడి ఉంటుంది. పోటీల్లో ఆయన పెద్దగా గెలిచిందేమీ లేదు గానీ, ఆయన్ని ఓడించాలంటే ఎంత మొనగాడికైనా ఒక పూట పట్టేది.

ఈసారి ఇరవై నిమిషాలు పట్టింది. ఎదుటి మనిషి పళ్ళ డాక్టరు. ఒళ్ళో చిప్స్ ప్యాకెట్ పెట్టుకుని, ఆ నూనె చేతులతోనే పాచికలు వేశాడు, ఆ నూనె చేతులతోనే చచ్చిన సిపాయిలను వరసలు వరసలుగా అవతలికి తోసేశాడు. బాబాయి ఒక్క సిపాయిని కూడా ముందుకు కదపనే లేదు. అయినా లేచి, "బాగా ఆడారండీ," అని చెయ్యి కలిపాడు. ఆ మర్యాద చూసి తక్కెడ తల తిప్పుకుంది.

రుమాలుతో సిపాయిల నూనె తుడుస్తున్న బాబాయి ఆవిణ్ణి చూడగానే మొహం చేటంత చేసుకున్నాడు.

"రా తల్లీ, సమయానికి వచ్చావు! ఎక్కడ పొరపాటు చేశానో అంతు చిక్కడం లేదు. వీళ్ళను ఎడమ పక్క గోడ వెనక పెట్టి ఉండాల్సిందంటావా?"

"అక్కడ పెట్టినా అంతే బాబాయ్."

"కాదే, ఏదో దారి ఉండే ఉంటుంది. కార్డు మీద నీ సంతకం చూశానుగా. నువ్వు తూచిన బొమ్మకు దారి లేకపోవడమేమిటి? నా బుర్రకే తట్టలేదు, వయసు మీద పడుతోంది." నవ్వుతూనే అన్నాడు. "భోజనాలకు ఇంకా గంట ఉంది. నువ్వు రాణి వైపు ఆడు, నేను మళ్ళీ పేరుస్తాను. నా తప్పెక్కడో చూపిద్దువుగాని."

ఆవిడ ఏమీ అనకముందే పేర్చడం మొదలుపెట్టాడు. ఒకడు, ఇద్దరు, ముగ్గురు. పన్నెండోవాణ్ణి పెడుతుంటే ఇక చూడలేక ఆయన చెయ్యి పట్టుకుంది.

"దారి లేదు బాబాయ్. నాకు ముందే తెలుసు."

"ఏం తెలుసు?"

"నేను తూచింది డబ్బాతో. బొమ్మ వచ్చాక మెడ చూశాను. నాలుగు వందలు చాలవని తెలిసింది. తెలిసే సంతకం పెట్టాను. తమ్ముడి కోసం."

తమ్ముడి కోసం అన్న ముక్క నోట్లోంచి ఊడిపడగానే, దాన్ని కలుపుకోకుండా ఉండాల్సిందనిపించింది. తప్పు చేసింది చాలక, దానికో ముసుగు కూడానా!

బాబాయి కోప్పడతాడని ఎదురుచూసింది. నాలుగు తిడితే బాగుండునని కూడా అనుకుంది. ఆయన చేతిలో ఉన్న సిపాయిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"మరి వీళ్ళు?" అన్నాడు.

"వీళ్ళేంటి బాబాయ్?"

"వీళ్ళ కార్డు మీద కూడా నీ సంతకమే ఉంది కదా. అది చూసే ఆరేళ్ళు కూర్చున్నాను. వీళ్ళనైనా నిజంగా తూచావా?"

"తూచాను! ఒట్టు బాబాయ్. వీళ్ళతో వంద ఆటలు ఆడాను. వీళ్ళ విలువలో ఒక్క పాయింటు కూడా తేడా లేదు. నన్ను నమ్ము."

"అలాగేలే తల్లీ," అన్నాడు బాబాయి, సిపాయిని పెట్టెలో పడుకోబెడుతూ.

ఆవిడకు తొమ్మిదేళ్ళ వయసప్పటి నుంచీ ఆయన ఆవిడ చెప్పిన ప్రతి మాటతోనూ వాదించేవాడు. మర్యాద కోసం ఆవిడ మాట ఒప్పుకోవడం అదే మొదటిసారి.